కొసరు లేని పెట్టె

కొసరు వేయని పెట్టె గమ్యం చేరదు. ఈ సంగతి మెట్ట ఊళ్ళ నుంచి సముద్రపుటొడ్డు దాకా అందరికీ తెలుసు. పొదిగింపు కేంద్రంలో కోడిపిల్లలను లెక్కపెట్టి అరల్లోకి దించేవారికి తెలుసు, కూడలిలో పెట్టెలు మోసే టపా గుళికలు మార్చేవారికి తెలుసు, ఊళ్ళో పెట్టె కోసం ఎదురుచూసే ఆడవాళ్ళకు తెలుసు. వందకు పైన మరి నాలుగు పిల్లలు పడితేనే వందా బతుకుతాయి. ఆ నాలుగింటి ఒంటివేడి మిగతావాటికి కంబళి. కొసరు లేకుండా పంపిన పెట్టె ఒకదాన్ని ఎప్పుడో ఎక్కడో తెరిచి చూస్తే వంద పిల్లలూ కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయని చెప్పుకునేవారు. ఆ పెట్టెను చూసినవారు ఎవరూ లేరు. చూసినవారిని ఎరిగినవారు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఉదయం పదిన్నరకు పదిహేడో గుళిక నేల కింది నాళికలో వచ్చి రాళ్ళపాడు కూడలిలో ఆగేటప్పటికి శలోమి బల్ల దగ్గర సిద్ధంగా ఉంది. నాళిక మూత తెరుచుకుంది. పెట్టె జారి బల్ల మీదికి వచ్చింది. బల్ల అంచున ఉన్న గడియారం నాలుగు నిమిషాల నుంచి వెనక్కి నడవటం మొదలుపెట్టింది. ఆమె రంధ్రాలకు వేలు అడ్డం పెట్టి గాలి ఆడుతున్నదీ లేనిదీ చూసింది. అరల్లో పరిచిన గోనెగుడ్డ మడతపడలేదని చూసింది; మడతపడితే పిల్లల కాళ్ళు జారి పక్కలకు చీలిపోతాయి. తరవాత కళ్ళు మూసుకుని విన్నది.

చలి వేసిన పిల్ల అరుపు పొడుగ్గా, చివర పైకి లేచి ఉంటుంది. ఆకలి అరుపు పొట్టిగా, వెంటవెంటనే వస్తుంది. అయితే అది టపాలో వినపడకూడదు. గుడ్డులోంచి బయటపడేముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. ఆ సొన దానికి మూడు రోజుల కూడు. జీవ టపా అనే ఏర్పాటంతా ఆ చెంచాడు సొన మీద నడుస్తోంది. ఇక ఉక్కపోసిన పిల్ల అసలు అరవదు. ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, ఎగశ్వాస పీలుస్తుంది. బల్లకు బిగించిన శ్రుతిమాపకం అరుపును మాత్రమే కొలుస్తుంది గనక, నోరు మెదపని పెట్టెకు ఆకుపచ్చ దీపం వెలిగించి 'ప్రశాంతం' అని చూపిస్తుంది.

పదిహేడో పెట్టె ప్రశాంతంగా ఉంది.

గోడ మీద టపా లెక్కలు తేల్చే దామాషా యంత్రం అంకె వేసింది: కూడలి కొసరు, నాలుగు. కేంద్రంలో వేసిన నాలుగింటికి ఇవి అదనం. శలోమి పక్కనున్న కొసరు బుట్టలో చెయ్యి పెట్టి నాలుగు పిల్లలను తీసి, అరకొకటి చొప్పున దింపింది. ఇవి కేంద్రంలో ఏరి పక్కన పెట్టినవి. ఒకదానికి ముక్కు వంకర, ఒకదానికి బొడ్డు మానలేదు, ఒకదాని కన్ను ఇంకా తెరుచుకోలేదు. ఏ ఊరికీ చెందనివి, ఏ లెక్కకూ రానివి. సాయంత్రానికి బుట్టలో మిగిలినవాటిని చల్లగదిలో పెడతారు. పెట్టె మూత పడింది, గుళిక మూసుకుంది, నాళిక దాన్ని మింగింది. గడియారంలో ఇంకా ముప్పై సెకన్లు మిగిలాయి. శలోమి పన్నెండేళ్ళుగా ఆ ముప్పై సెకన్లూ మిగుల్చుకుంటూ వచ్చిన మనిషి.

ఊరూరా కోళ్ళను ఊడ్చేసిన రెక్క తెగులు అణగి ఇరవై రెండేళ్ళయింది. దాని వెంట వచ్చిన పొదుగుడు నిషేధం మాత్రం అణగలేదు. ఏ ఊళ్ళోనూ గుడ్డు పొదిగించకూడదు. ఏ పక్షినీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేత్తో మోసుకుపోకూడదు. దేశానికంతటికీ కోడిపిల్ల మూడు కేంద్రాల్లోనే పుడుతుంది, పుట్టిన రోజే పెట్టెకెక్కుతుంది, నేల కింది నాళికలో ఊరు చేరుతుంది. ఏ ఊరికి ఎన్ని పెట్టెలు, ఏ పెట్టె ఏ దారిన, ఏ గుళిక ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఎంత కొసరు పడాలి, అన్నీ దామాషా తేలుస్తుంది. ఊరు చేరిన పెట్టెలో ఎనభైకి తక్కువ బతికితే అది చెడ్డ పెట్టె. వరసగా మూడు చెడ్డ పెట్టెలు పడిన ఊరు జాబితాలోంచి శాశ్వతంగా పోతుంది. ప్రాణాన్ని నిలుపుకోలేని చోటికి ప్రాణాన్ని పంపటం వృథా అని దామాషా తర్కం. ఆ తర్కంలో తప్పు పట్టటం కష్టం. ఊరు చేరకముందే పోయిన ప్రాణాన్ని ఊరి ఖాతాలో వేయటం తప్పని ఎవరైనా అంటే తప్ప.

ఇరవై ఒకటో గుళిక వెళ్ళాక ఎండలోంచి ఒక ముసలామె కూడలి వరండాలోకి వచ్చింది. అరవై ఐదేళ్ళుంటాయి. చేతిలో ఒక సంచి, సంచిలో ఒక మూట. గండిమెట్ట నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. పేరు పేరమ్మ. ఆ ఊరి పెట్టె ఆమె పేరు మీదే వస్తుంది.

ఊళ్ళవాళ్ళు కూడలికి రావటం నిషిద్ధం కాదు; ఎవరూ రారు, అంతే. పేరమ్మ కటకటాల అవతల బల్ల మీద కూర్చుని, శలోమిని కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా అమ్మాయ్ శలోమంటే? మా ఊళ్ళో నీ పేరు తలవని రోజు లేదులే."

"ఎందుకు పెద్దమ్మా?"

"కొసరు పిల్లల్ని నొక్కేసి కూరొండుకుంటావంట గదా. అందుకే మా పెట్టెలు చస్తున్నయ్యంట."

శలోమి చేతిలో ఉన్న పిల్లను కటకటాల దగ్గరికి తెచ్చి చూపించింది. "నిమ్మకాయంత లేదు. దీంట్లో ఏం కూరొస్తదో నువ్వే చెప్పు."

పేరమ్మ ఆ పిల్లను చూసి నవ్వలేదు గానీ, నవ్వు వచ్చినట్టు మూతి తిప్పుకుంది. తరవాత వచ్చిన పని చెప్పింది. కిందటేడు వచ్చిన పెట్టెలో డెబ్బై ఒకటి బతికాయి. ఈ ఏడు ఉగాదికి వచ్చినదాంట్లో అరవై నాలుగు. ఈరోజు వచ్చేది మూడోది. ఇదీ చెడితే గండిమెట్టకు ఇక కోడి అనేది లేదు. ముప్పై గడపల ఊరు. నేల రాళ్ళు, వాన అబద్ధం. ఉన్న ఆసరా గుడ్లు. పిల్లలు బడికి పోయేది గుడ్ల మీద, బాలింతలు లేచేది గుడ్ల మీద. ఊరంతా కూర్చుని మాట్లాడుకుని, కొసరు పడుతున్నదో లేదో కళ్ళారా చూసి రమ్మని ఆమెను పంపింది. వీలైతే ఇంకో నాలుగు ఎక్కువ వేయించమని కూడా చెప్పింది. ఈ చివరి మాటను పేరమ్మ బతిమాలుతున్నట్టు కాక, న్యాయంగా రావలసింది అడుగుతున్నట్టే అన్నది.

 శలోమి దగ్గర, రెండు వేసవుల నుంచి ఎవరికీ చెప్పక దాచుకున్న ఒక పరిశీలన ఉంది.

తిరిగొచ్చిన పెట్టెలను కడిగేది కూడా ఆమే. మెట్ట ఊళ్ళ టపా యంత్రాలు చచ్చిన పిల్లలను పెట్టెలోనే వదిలి వెనక్కి పంపుతాయి. ఆ పెట్టెల్లో చచ్చిన పిల్లలెప్పుడూ ఒకే చోట ఉండేవి: నాలుగు అరలూ కలిసే నడిమూలలో. గోడవారగా, రంధ్రాల పక్కన చచ్చినవి చాలా అరుదు. చలికి చచ్చేవైతే ముందు అంచున ఉన్నవి చావాలి. నడుమ ఉన్నవి వెచ్చగా బతకాలి. నడుమ ఉన్నవే చస్తున్నాయంటే వాటిని చంపుతున్నది చలి కాదు. కొసరు కంబళే. వంద పిల్లల కోసం చేసిన పెట్టెలో నూట ఎనిమిదింటి ఒంటివేడి. కదిలే గుళికలో రంధ్రాల గుండా గాలి తోసుకు వస్తుంది. కానీ మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా విద్యుత్తు నగరాల శీతల యంత్రాలకు పోతుంది గనక, మెట్టదారి గుళికలన్నీ పక్కనాళికలో కదలకుండా నిలబడతాయి. పైన నేల నలభై నాలుగు డిగ్రీలు. పెట్టె చేరేసరికి చచ్చిపోయినవి చచ్చిపోతాయి. ఊరికి చెడ్డ పేరు వస్తుంది. చెడ్డ పేరు వచ్చిన ఊరికి దామాషా జాలి తలచి కొసరు పెంచుతుంది.

పదకొండున్నర కావస్తుండగా గండిమెట్ట గుళిక వచ్చింది. గోడ మీద అంకె పడింది: కూడలి కొసరు, ఎనిమిది. కేంద్రంలో వేసినవి నాలుగు. మొత్తం నూట పన్నెండు.

"ఎనిమిదా," అన్నది పేరమ్మ, నిలబడి. ఆ మాటలో మొదటిసారి కాస్త మర్యాద వినిపించింది. "మంచిదే, గవర్నమెంటు మమ్మల్ని మర్చిపోలా."

శలోమి గడియారాన్ని ఆపే మీట నొక్కింది. అది తనిఖీ మీట. ఇరవై నిమిషాలు ఇస్తుంది, పై అధికారిని పిలుస్తుంది. కూడలి అధికారి పట్టాభి తన గదిలోంచి కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు. ఆరు నెలల్లో పదవీ విరమణ. కాగితపు రోజుల్లో చేరిన చివరి మనిషి ఆయనే. శలోమి ఆయనకు నడిమూల సంగతి చెప్పింది, పేరమ్మకూ వినపడేలాగే చెప్పింది. ఈ పెట్టెను కొసరు లేకుండా పంపుతానన్నది.

పట్టాభి ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోకపోవటం శలోమికి ఆశ్చర్యం కలిగించింది.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు," అన్నాడాయన. "దానికి ఫారం లేదమ్మా, అదీ చిక్కు."

"మీకు ముందే తెలుసా సార్?"

ఆయన కటకటాలకు ఆనుకుని, నేల చూస్తూ చెప్పాడు. చలికాలం గూడ్సు బండిలో పిల్లలను పంపే రోజుల్లో ఎవరో మంచి మనసున్న కేంద్రం యజమాని, బజారులో కూరగాయలమ్మి ఇచ్చినట్టు, వందకు నాలుగు కొసరు వేయటం మొదలుపెట్టాడు. చలికి అది పనికొచ్చింది కూడా. అందరూ అందుకున్నారు.

"నూట నాలుగు బయలుదేరతయ్. దోవలో మూడు పోతయ్. ఊళ్ళో నూట ఒకటి దిగుతయ్. వాళ్ళు అడిగింది వంద గదా. మేమేం రాస్తాం? 'నష్టం లేదు' అని రాశాం. కొసరు లేని పెట్టెలో ఒక్కటి పోయినా 'నష్టం ఒకటి' అని రాశాం. పాతికేళ్ళు అట్టాగే రాశాం, నేనూ రాశా. దామాషాకి చదువు చెప్పింది ఆ కాగితాలే. కొసరున్న చోట నష్టం లేదు, లేని చోట నష్టం ఉంది. అది నేర్చుకోక ఏం చేస్తది?"

కొసరు చావులను మింగింది; మింగిన కొసరే కాపాడినట్టు కాగితం మీద కనపడింది. వినగానే శలోమికి తన రెండు వేసవుల పరిశీలన చాలా చిన్నదిగా తోచింది. తను ఒక పెట్టె నడిమూలను చూసింది. ఈయన మొత్తం పెట్టెను చూసి, మూత పెట్టి కూర్చున్నాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"రెండుసార్లు రాశా. పాత రికార్డులకి విరుద్ధంగా ఉందని వెనక్కొచ్చింది."

ఆయన జేబులోంచి పలక తీసి నియమం చదివాడు. దామాషా అంకెను కాదని పెట్టె పంపాలంటే చేతి విడుదల ఒకటే దారి. బొటనవేలు ముద్ర వేసినవారి మీద విచారణ జరుగుతుంది. అది తేలేదాకా ఆ వేలికి ఏ తలుపూ తెరుచుకోదు. అలా పంపిన పెట్టె చెడితే ఊరి ఖాతాలో చెడ్డ పెట్టెగా పడుతుంది. బాగుంటే గణనకు చెల్లదు.

"అంటే బాగున్నా మాకు లాభం లేదు, చెడితే మాత్రం మేం పోతాం," అన్నది పేరమ్మ. ఆమె ముఖంలో మర్యాద పోయింది. "ఏందమ్మాయ్, ఊరందరి నోటికాడ కూడు నా చేతిలో పెట్టి పంపితే, నువ్వు నా పెట్టె మీద పరీక్ష చేస్తావా? నీకు తోచిందని? ఇంకో ఊరు దొరకలా నీకు?"

శలోమికి ఆ ప్రశ్న న్యాయమైనదని తెలుసు. ఆమెకు ఇంకొకటి కూడా తెలుసు: కొసరు చంపుతున్నదని రుజువు చేయాలంటే వెయ్యి పెట్టెలు కావాలి, రెండు రుతువులు కావాలి, కదలని గుళికలూ కదిలే గుళికలూ వేరువేరుగా కావాలి. కానీ కొసరు లేని పెట్టె ఎన్నటికీ చేరదనే మాట కూలిపోవటానికి ఒక్క పెట్టె చాలు. ఆ ఒక్క పెట్టె ఎవరిదో ఒకరిది కాక తప్పదు. అయితే వాళ్ళు ఒప్పుకోకుండా వాళ్ళ పెట్టెను వాడుకుంటే, తనకూ దామాషాకూ తేడా ఉండదు.

"నీ ఇష్టం లేకపోతే ఎనిమిదీ వేసే పంపుతా," అన్నదామె. "ఒకసారి చెయ్యి మాత్రం పెట్టి చూడు."

కటకటాల తలుపు తీసి పేరమ్మను లోపలికి రానిచ్చింది. అదీ నిషిద్ధమే. పట్టాభి అటు తిరిగి గోడ మీది అంకెను చదువుతున్నట్టు నిలబడ్డాడు. శలోమి పెట్టె మూత పక్కకు జరిపి, ముసలామె చేతిని నాలుగు అరలు కలిసే చోట, పిల్లల వీపుల మీదుగా పెట్టించింది.

పేరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇదేంది, దాలిగుంటలో పెట్టినట్టుంది."

"ఇవి నూట నాలుగే. ఇంకో ఎనిమిది పడాలి. ఆ తరవాత రెండు గంటలు గాలాడని చోట నిలబెడతారు."

పిల్లలు అరవటం లేదు. శ్రుతిమాపకం మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. పేరమ్మ వంగి, వాటి తెరిచిన ముక్కులను చాలాసేపు చూసింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ మాటలు శలోమితో అంటున్నట్టు లేవు. తన చిన్నప్పుడు, నిషేధానికి ముందు, వాళ్ళమ్మ ఒక నల్లపెట్టను రోహిణి కార్తెలో పొదగేసింది. మిట్టమధ్యాహ్నమైతే ఆ పెట్ట గుడ్ల మీంచి లేచి, రెక్కలు విదిలించి, గంప బయట నిలబడేది. సోమరిముండ అని తిట్టి అమ్మ దాన్ని మళ్ళీ కూర్చోబెట్టేది. రెండు రోజులు పట్టుబట్టి, పైన గంప బోర్లించి కూర్చోబెట్టింది. పదకొండు గుడ్లకు పదకొండూ మురిగిపోయాయి.

"దానికి తెలిసింది," అన్నది పేరమ్మ. "మేం తెలుసుకోలా."

 తరవాత ఆమె తన సంచిలోంచి మూట తీసింది. పిల్లలకు తొలి మేతగా తెచ్చిన నూకలు, అర కిలోకు కాస్త తక్కువ. పల్లెటూరి తెలివితో అప్పటికే లెక్క కట్టుకుని, ఇద్దరికీ చెప్పింది: పన్నెండు పిల్లల బరువు ఆ మూట బరువుకు సరిపోతుంది. పెట్టె అడుగున దాన్ని దోపితే, బరువు తూచి లెక్క చూసే బల్లకు నూట పన్నెండు ఉన్నట్టే తోస్తుంది. ఎవరి వేలూ పడనక్కర్లేదు, ఎవరి ఉద్యోగమూ పోనక్కర్లేదు. ఊరికి మంచి పెట్టె కూడా ఖాతాలో పడుతుంది.

పట్టాభి వెనక్కి తిరిగాడు. "మంచి ఆలోచనే," అన్నాడు, నెమ్మదిగా. "శలోమీ, నేనేం చూడలా."

నిజంగానే అది మంచి ఆలోచన. ముగ్గురిలో ఎవరికీ నష్టం లేనిది అదొక్కటే. శలోమి మూటను చేతిలోకి తీసుకుని తూచింది. బతికిన పెట్టె గండిమెట్ట చేరుతుంది. పన్నెండు కొసరు వేస్తే బతికిందని దామాషా రాసుకుంటుంది. రేపటి నుంచి ప్రతి మెట్ట ఊరి పెట్టెకూ పన్నెండు వేయిస్తుంది. తను దాచిన ఒక నిజం వెయ్యి పెట్టెలను ఉడికిస్తుంది. పట్టాభి పాతికేళ్ళు రాసిన 'నష్టం లేదు' అనే మాటను తను ఈరోజు ఇంకొకసారి రాసినట్టే అవుతుంది.

ఆమె మూటను పేరమ్మకు తిరిగి ఇచ్చేసింది. ఎందుకో చెప్పింది. "నీ పెట్టె బతికితే, ఎందుకు బతికిందో రాసి ఉండాలి పెద్దమ్మా. లేకపోతే నీ పక్క ఊరి పెట్టె చస్తది."

పేరమ్మ ఆమెను తెలివితక్కువ మనిషిని చూసినట్టు చూసింది. పక్క ఊరి పెట్టె గురించి ఆలోచించటానికి గండిమెట్టకు ఎప్పుడూ తీరిక దొరకలేదు. కానీ ఆమె చెయ్యి ఇంకా వేడిగానే ఉన్నట్టుంది. దాన్ని చీరకు తుడుచుకుంటూనే ఉంది.

"మాకు కోళ్ళు కావాల," అన్నది చివరికి. "లెక్క మీ దగ్గరే పెట్టుకోండి. తియ్యి."

శలోమి నాలుగు అరల్లోంచి నాలుగు పిల్లలను తీసింది. బొడ్డు మాననివాటిని గుర్తుపట్టటం కష్టం కాలేదు. వాటిని కొసరు బుట్టలో, వేయకుండా మిగిలిన ఎనిమిదింటి పక్కన వదిలింది. వాటిని ఊరికి పట్టుకుపోతానని పేరమ్మ అడిగింది. చేతిమోత నిషేధమని పట్టాభి చెప్పాడు. బుట్టలో ఆ పన్నెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. వందను బతికించే ఏ పద్ధతిలోనూ వాటికి చోటు లేదు. దామాషా పద్ధతిలో పెట్టెలో చచ్చేవి, శలోమి పద్ధతిలో చల్లగదిలో చస్తాయి. ఈ తేడాను సమర్థించుకునే మాట ఆమె దగ్గర ఏదీ లేదు. వెతకనూ లేదు.

కొసరు: సున్న. బల్ల ఆ అంకెను తిరస్కరించింది. రెండోసారి తిరస్కరించింది. మూడోసారి చేతి విడుదల గడి తెరుచుకుంది. ఎప్పుడూ ఎవరూ వాడకపోవటంతో ముద్ర పలక మీద దుమ్ము పేరుకుని ఉంది. ఆమె పమిటకొంగుతో తుడిచి బొటనవేలు ఆనించింది. గుళిక మూసుకుంది. నాళిక దాన్ని మింగింది. గడియారంలో అప్పటికి ఒక్క సెకను కూడా మిగల్లేదు.

పేరమ్మ తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది. వెళ్తూ శలోమికి కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చెప్పటానికి ఇంకా ఏమీ జరగలేదు. శలోమి మిగిలిన గుళికలకు అంకె ప్రకారం కొసరు వేసింది. చేతి విడుదలకు ఆమె వేలిముద్ర ఒక్క పెట్టెకే చెల్లుతుంది. నాలుగు గంటలకు గండిమెట్ట వరసలో గోడ మీద రెండే మాటలు పడ్డాయి: గణనకు చెల్లదు. పెట్టె చెడలేదని దానివల్ల తెలిసింది. ఎన్ని బతికాయో తెలియలేదు. ఎనభై తేలగానే యంత్రం లెక్క ఆపేస్తుంది; చెల్లని పెట్టెను పూర్తిగా లెక్కపెట్టటానికి దానికి అనుమతి లేదు. సాయంత్రం ఆమె కొసరు బుట్టను చల్లగది దాకా తనే మోసుకెళ్ళింది.

మరునాడు ఉదయం కూడలి తలుపు ఆమె వేలికి తెరుచుకోలేదు. పట్టాభి లోపలినుంచి వచ్చి, ఆమె గోడకు తగిలించిన గొడుగు తెచ్చి ఇచ్చాడు. ఆ తరవాత చెప్పాడు.

"రాత్రి దామాషా అంకెలు మార్చింది. మన కూడలి నుంచి ఒక పెట్టె కొసరు లేకుండా పొయ్యింది గదా. ఆ ప్రమాదాన్ని సర్దటానికి మిగతావాటికి పెంచింది. ఇంగ పెట్టెకి ఆరు."

"విచారణ ఎప్పుడు సార్?"

"తేదీ వెయ్యలా."

గండిమెట్ట పేరు జాబితాలో అలాగే ఉంది: రెండు చెడ్డ పెట్టెలు, మూడోది రావలసి ఉంది.

పది రోజుల తరవాత శలోమి బజారుకు వెళ్తూ బస్సులో ఇద్దరు ఆడవాళ్ళ మాటలు విన్నది. గండిమెట్ట పెట్టె ఈసారి బ్రహ్మాండంగా దిగిందట. కూడలిలో శలోమి అనే ఆవిడ ముసలామె గోడు విని జాలిపడి, దొంగచాటుగా ఇరవై నాలుగు కొసరు వేసిందట. అది బయటపడబట్టే ఆవిడ ఉద్యోగం పోయిందట. కొసరంటే అట్టా ఉండాల అని ఒకామె అన్నది. మన కూడలిలో అట్టాంటి మనిషి ఏదీ అని రెండో ఆమె నిట్టూర్చింది.

శలోమి ముందుకు వంగింది. "నేనే శలోమిని. నేనేం కొసరెయ్యలా. ఉన్నవి గూడా తీసేసినా."

ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దామె శలోమి చేతి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, ఆప్యాయంగా అన్నది: "అంతేలే అమ్మా. విచారణ ఉంది గదా, నువ్వు అట్టాగే చెప్పాల. మేం ఎవరికీ చెప్పంలే."

ఆ వారంలోనే మూడు ఊళ్ళ నుంచి మనుషులు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఇరవై నాలుగు కొసరు వేయించటానికి కూడలిలో ఎవరిని పట్టుకోవాలో చెప్పమన్నారు.

గండిమెట్ట పెట్టెను తెరిచింది పేరమ్మ కోడలు. యంత్రం పూర్తిగా లెక్కపెట్టనన్నది గనక, ఒక్కొక్క పిల్లనూ చేత్తో తీసి చాటలో వదులుతూ లెక్కపెట్టింది. ఆ పెట్టెలో కొసరు లేదు. బయలుదేరినవి వంద. ప్రాణంతో దిగినవి తొంభై ఎనిమిది.